కదిలేది నీరు కాదు

చెరువులో రాయి వేస్తే వలయాలు పుట్టి గట్టు దాకా వస్తాయి. ఆ నీటి మీద ఎండుటాకు ఒకటి తేలుతూ ఉంటే వలయం దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. ఆకు మాత్రం లేచి, దిగి, దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నీరే గట్టు వైపు పారుతున్నట్లయితే ఆకూ కొట్టుకొచ్చేది. రాయి దెబ్బకు ఒకచోట నీరు కుంగింది. ఆ కదలిక పక్క నీటికి, దాన్నుంచి దాని పక్క నీటికి అందుతూ పోయింది. గట్టును చేరింది రాయి ఇచ్చిన శక్తే గానీ, రాయి పడ్డచోటి నీరు కాదు. పదార్థం తరలకుండా శక్తి తరలిపోయే ఈ తీరునే భౌతికశాస్త్రం తరంగం అంటుంది.

అలలో మిట్టను శృంగమనీ పల్లాన్ని ద్రోణి అనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఒక శృంగం నుంచి తర్వాతి శృంగానికి ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. ఒకచోట నిలబడి లెక్కపెడితే సెకనుకు ఎన్ని అలలు దాటుతాయో అది పౌనఃపున్యం. పిల్లలకు నోరు తిరగని మాటే గానీ అందులో ఉన్నది 'పునః పునః', అంటే మళ్లీ మళ్లీ రావడం. దాని కొలమానం హెర్ట్జ్. ఈ రెండింటినీ గుణిస్తే తరంగ వేగం వస్తుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మధ్యతరంగం 837 కిలోహెర్ట్జ్. రేడియో తరంగ వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు కాబట్టి, భాగిస్తే ఒక్కో అల పొడవు సుమారు 358 మీటర్లు.

శబ్దం కూడా తరంగమే, కాకపోతే కంటికి కనిపించదు. నీటి అలలో ఆకు పైకీ కిందికీ ఊగితే, శబ్దంలో గాలి ముందుకూ వెనక్కీ ఊగుతుంది. కిక్కిరిసిన దర్శనం క్యూలో వెనక ఎవరో తోస్తే ఆ తోపు మనిషి నుంచి మనిషికి పాకుతూ ముందున్న వాడి వీపును తాకుతుంది. తోసిన వాడు మాత్రం వెనకే ఉంటాడు. గాలిలోనూ అంతే. దగ్గరకు నొక్కుకున్న చోట్లు సంపీడనాలు, పలచబడ్డ చోట్లు విరళీకరణాలు. మామూలు వాతావరణంలో ఈ తోపు సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలిసిపోతుంది. నీటిలో శబ్దం ఇంతకు నాలుగు రెట్లకు పైగా వేగంగా, ఉక్కులో ఇంకా వేగంగా పోతుంది.

ధ్వని అన్ని వైపులా చెదిరిపోతూ, దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. గోల్కొండ ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు కిలోమీటరు దూరాన బాలా హిస్సార్ మీద వినిపించడానికి కారణం, అక్కడి కప్పు ధ్వనిని చెదరనీయకుండా పరావర్తనం చేసి పంపడం. గైడ్లు దీన్ని మాయలా చెబుతారు గానీ, నూతిలోకి కేకేస్తే తిరిగొచ్చే ప్రతిధ్వనికి దీనికి పెద్ద తేడా లేదు.

శబ్దానికీ సంగీతానికీ మధ్య గీత ఎక్కడుందో చూడాలంటే మృదంగం దగ్గరికి వెళ్లాలి. వీణ తీగను మీటితే అసలు స్వరంతో పాటు దానికి సరిగ్గా రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాలు కూడా మోగుతాయి. అవి పూర్ణాంకాల వరసలో ఉన్నందువల్లే చెవికి ఇంపు. గుండ్రంగా బిగించిన తోలు అలా కాదు. దాని పైస్వరాలు 1.59, 2.14, 2.30 రెట్లుగా చిల్లర లెక్కల్లో వస్తాయి. అందుకే చాలా డప్పుల నుంచి దరువు పుడుతుంది గానీ స్వరం పుట్టదు. మృదంగం మాత్రం శ్రుతిలో పలుకుతుంది. గుట్టంతా కుడివైపు మూత నడుమ ఉన్న నల్లటి గుండ్రని పూతలో, కరణిలో, ఉంది. అన్నంతో కలిపి నూరిన నల్లరాతి పొడిని చిటికెడు చిటికెడుగా పెట్టి, రాయితో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ పొర వేస్తారు. నడుమ మందంగా, అంచుకు పోయేకొద్దీ పలచగా వచ్చేదాకా ఇదే పని.

ఆ బరువు తోలు కంపించే తీరును మార్చేస్తుందని చూపినవారు సర్ సి.వి. రామన్. తండ్రి విశాఖపట్నంలో మిసెస్ ఏవీఎన్ కాలేజీ అధ్యాపకుడు కావడంతో ఆయన చదువు మొదలైందీ ఆ ఊళ్లోనే. మృదంగం మీద తొలి పరిశోధన 1920లో 'నేచర్' పత్రికలో అచ్చయింది, వివరమైన వ్యాసం 1934లో వచ్చింది. పద్ధతి చాలా సులువు. మూత మీద సన్నని ఇసుక చల్లి వాయిస్తే, కంపించే చోట్ల నుంచి రేణువులు ఎగిరిపోయి కంపించని గీతల మీద పోగవుతాయి. ఆ ముగ్గులను బట్టి, మూత కంపించే తొలి తొమ్మిది రకాలూ ఐదు పూర్ణాంక స్వరాలుగా సర్దుకుంటాయని ఆయన తేల్చారు. సమీకరణం ఎరగని చేతులు తరాల తరబడి చెవి పెట్టి విని సాధించిన ఫలితం ఇది.

అలకు శక్తిని మోసే పని ఉందన్న మాట 2004 డిసెంబరు 26న భయంకరంగా రుజువైంది. ఆ ఉదయం సుమత్రా దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. గాలికి పుట్టే అల సముద్రపు పైపొరనే కదిలిస్తుంది. అడుగే ఎగదన్నితే పైనుంచి కింది దాకా మొత్తం నీరు కదులుతుంది. అలాంటి అల వేగం లోతును బట్టి ఉంటుంది: గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీస్తే చాలు. 4,000 మీటర్ల లోతులో సెకనుకు దాదాపు 200 మీటర్లు, అంటే గంటకు 700 కిలోమీటర్లకు పైనే. జెట్ విమానంతో పోటీపడే ఆ అల ఎత్తు నడిసముద్రంలో మీటరు కూడా ఉండదు. పడవలో ఉన్నవాడికి అది దాటిన సంగతే తెలియదు.

ఒడ్డు దగ్గర కథ మారుతుంది. లోతు 10 మీటర్లకు తగ్గితే వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందు లారీ స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిస్తే వెనకవి వచ్చి ఇరుక్కున్నట్టు, వెనక నీరు ముందు నీటి మీదికి ఎక్కుతుంది. వేగంలో పోయిన శక్తి ఎత్తులో తేలుతుంది. తీరం తాకాక ఈ వ్యాసం మొదట చెప్పిన సూత్రానికి మినహాయింపు కూడా వస్తుంది: అక్కడ నీరే ఊళ్లోకి నడిచి వస్తుంది. ఆ రోజు భారత తూర్పు తీరానికి రెండు గంటలకు పైగా సమయం ఉంది గానీ, చెప్పే ఏర్పాటే లేదు. 2007 నుంచి ఆ పని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం చేస్తోంది. సముద్రానికి ఇంత దూరాన సునామీ కాపలా ఏమిటని వింతగా అనిపించవచ్చు. భూకంప తరంగాలు రాళ్లలో సెకనుకు కిలోమీటర్ల వేగంతో, సముద్రపు అల కంటే ఎంతో ముందుగా వచ్చేస్తాయి. సముద్రం అడుగున పెట్టిన పీడన మాపకాల కబురు ఉపగ్రహం ద్వారా అందుతుంది. కాపలాకు కావలసింది ఆ కబుర్లే.

నీరు, గాలి, తోలు, రాయి: రేడియోను పక్కన పెడితే, ఇంతవరకూ ప్రతి తరంగానికీ ఊగడానికి ఏదో ఒక పదార్థం ఉంది. వెలుగు దగ్గరే చిక్కు వచ్చింది. సూర్యుడి నుంచి 15 కోట్ల కిలోమీటర్ల శూన్యాన్ని అది ఎనిమిది నిమిషాల చిల్లరలో దాటి వస్తుంది. అక్కడ ఊగేదేమిటి? కనపడని 'ఈథర్' ఒకటి విశ్వమంతా నిండి ఉందని 19వ శతాబ్దం నమ్మింది, వెతికింది, దొరకలేదు. ఊగేది విద్యుత్, అయస్కాంత క్షేత్రాలేనని 1865లో మాక్స్‌వెల్ సమీకరణాలు చెప్పాయి. ఒకటి మారితే రెండోది పుడుతుంది, అది మారితే మళ్లీ మొదటిది. రేడియో, మైక్రోవేవ్, పరారుణం, కంటికి కనిపించే వెలుగు, అతినీలలోహితం, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు అన్నీ ఈ ఒక్క కుటుంబమే. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది.

మైక్రోవేవ్ ఓవెన్ తలుపు అద్దం వెనక సన్నని రంధ్రాల లోహపు జల్లెడ ఉంటుంది. లోపలి తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రం దానికి గోడతో సమానం. వెలుగు తరంగం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి ఇబ్బంది లేకుండా బయటికి వస్తుంది. గిన్నెలో కూర ఉడకడం కనిపిస్తుంది, వేడి చేసే తరంగం లోపలే ఉండిపోతుంది.

రేడియేషన్ అనగానే సెల్ టవరునూ ఎక్స్-రేనూ ఒకే గాట కట్టేయడం మామూలైంది. ఈ తరంగాల శక్తి పొట్లాలుగా వస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ పొట్లం పెద్దదవుతుంది. సెల్‌ఫోన్ తరంగపు పొట్లం పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టలేనంత చిన్నది. అలాంటివి కోట్లు వచ్చిపడ్డా వేడి పుట్టించగలవు గానీ ఆ పని చేయలేవు. అతినీలలోహితం ఎగువ భాగం నుంచి లెక్క మారుతుంది. ఎక్స్, గామా పొట్లాలు ఒక్కొక్కటే జీవకణంలోని బంధాలను తెంచేంత బలమైనవి. కేన్సర్ కణాలను చంపడానికి కోబాల్ట్-60 గామా కిరణాలు పనికొచ్చేదీ, అనవసరంగా ఎక్స్-రే తీయించుకోవద్దనేదీ ఇందుకే.

ఆస్పత్రిలో స్కానింగ్ గది, ఎక్స్-రే గది చాలాచోట్ల పక్కపక్కనే ఉంటాయి. గర్భిణిని పంపేది మొదటి గదికి. అక్కడ వాడేది చెవికి అందని శబ్దం. సెకనుకు లక్షల కంపనాలున్నా అది పదార్థం ఊపే. ఊపు అందాలంటే మధ్యలో ఖాళీ ఉండకూడదు. పరికరానికీ చర్మానికీ నడుమ పలచని గాలి పొర ఉన్నా శబ్దం అక్కడే వెనక్కి మళ్లిపోతుంది. పొట్ట మీద చల్లని జెల్లీ రాసేది ఆ గాలిని తప్పించడానికే. పక్క గదిలో ఏ జెల్లీ అక్కర్లేదు.