కటకాల నాణ్యతా పరీక్ష: అపోహలు – వాస్తవాలు

అపోహ: గీతలు, బుడగలు లేని కటకం నాణ్యమైనదే.

వాస్తవం: గీతలనూ గుంటలనూ వెతికే పరీక్ష ఉంది గానీ, సన్నని గీత తన మీద పడిన కొద్దిపాటి కాంతినే చెదరగొడుతుంది కనుక, ప్రతిబింబానికి దానివల్ల కలిగే నష్టం సాధారణంగా స్వల్పమే. అసలు చేటు వంపులోని తేడాతో వస్తుంది. కటకం దాటిన కాంతి తరంగం ఉండవలసిన ఆకృతి నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు మించి, అంటే ఆకుపచ్చ కాంతి విషయంలో మిల్లీమీటరులో సుమారు ఏడువేలవ వంతుకు మించి తప్పితే, కిరణాలు ఒక్కచోట కూడక ప్రతిబింబం మసకబారుతుంది. ఎంత తేరిపార చూసినా ఆ తేడా కంటికి అందదు.

అపోహ: ఇంతటి సూక్ష్మ దోషాన్ని పట్టడానికి ఖరీదైన యంత్రాలే శరణ్యం.

వాస్తవం: ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త లియోన్ ఫూకో 1858లో వెల్లడించిన పద్ధతికి చిన్న దీపం, కత్తి అంచు చాలు. పుటాకార దర్పణం నుంచి తిరిగివచ్చిన కిరణాలు కూడే చోట కత్తి అంచును మెల్లగా అడ్డు జరిపితే, లోపం లేని గోళాకార తలం అంతా ఒక్కసారిగా, సమంగా చీకటవుతుంది. లోపమున్న తలం మీద నీడలు మిట్టపల్లాలుగా తేలతాయి. టెలిస్కోపులను సొంతంగా తయారుచేసుకునే ఔత్సాహికులు నేటికీ ఈ పరీక్షను వాడుతున్నారు. కటకాల పనిశాలల్లో, ఆకృతి ముందే నిర్ధారించిన నమూనా గాజుకు కొత్త కటకాన్ని ఆనించి, రెండు తలాల నుంచి వెనుదిరిగిన తరంగాల కలయికతో, అనగా వ్యతికరణంతో, ఏర్పడే న్యూటన్ వలయాలను చూస్తారు. ఒక వలయం నుంచి మరో వలయానికి తలాల నడుమ ఎడం అర తరంగదైర్ఘ్యం మారుతుంది.

అపోహ: అత్యంత సున్నితమైన పరికరం కొలిచాక మరో పరీక్ష అక్కర లేదు.

వాస్తవం: ఈ నమ్మకం ఎంత నష్టం తెచ్చిందో హబుల్ టెలిస్కోపు చరిత్ర చెబుతుంది. 2.4 మీటర్ల దాని ప్రధాన దర్పణాన్ని మెరుగుపెట్టేటప్పుడు ఆధారపడిన పరీక్షా పరికరంలో ఒక కటకం తన స్థానం నుంచి 1.3 మిల్లీమీటర్లు తప్పి అమరింది. దర్పణం ఆ తప్పుకు అచ్చంగా సరిపోయేలా రూపుదిద్దుకొని, అంచు వద్ద మిల్లీమీటరులో సుమారు ఐదువందలవ వంతు అధికంగా చదునైంది. మరింత సరళమైన వేరొక పరికరం ఈ లోపాన్ని చూపినా, దాని కచ్చితత్వం తక్కువని భావించి ఆ ఫలితాన్ని పక్కన పెట్టారు. కటకం జరగడం కంటే ఇదే పెద్ద పొరపాటు, ఎందుకంటే రెండు కొలతలు విభేదించినప్పుడు కారణం తేలేవరకు దేనినీ నమ్మకూడదు. 1990 ఏప్రిల్‌లో కక్ష్యకు చేరిన ఆ టెలిస్కోపుకు 1993 డిసెంబరులో వ్యోమగాములు దిద్దుబాటు పరికరాలను అమర్చారు. వాటి రూపకల్పన కోసం శాస్త్రవేత్తలు లోపం పరిమాణాన్ని ఒకవైపు కర్మాగారంలో మిగిలి ఉన్న పాత పరీక్షా పరికరాన్ని కొలిచి, మరోవైపు హబుల్ పంపిన నక్షత్రాల చిత్రాలను విశ్లేషించి, వేర్వేరుగా లెక్కగట్టారు.