చేతులు మరిచిపోవు!

పలాస జీడిపప్పు పరిశ్రమల్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఓ మామ్మను ఊహించుకోండి. పొద్దున ఏం తిన్నదో గుర్తుండదు. మనవరాలి పేరు తడబడుతుంది. కానీ చేటలో పప్పు పోసి ముందు పెడితే... గుండు ఒకవైపు, బద్ద మరోవైపు చకచకా ఏరేస్తుంది. ఇదెలా సాధ్యం?

కొత్త సంగతులను గుర్తుపెట్టుకునే భాగం మెదడులో వేరు, అలవాటైన పనుల తీరును దాచుకునే భాగం వేరు. మతిమరుపు మొదలైనప్పుడు సాధారణంగా ముందు దెబ్బతినేది మొదటిది. రెండోది చాలాకాలం నిలుస్తుంది. ఆ మిగిలిన బలాన్నే ఆసరాగా తీసుకుంటుంది ఆక్యుపేషనల్ థెరపీ. స్నానం, వంట, బజారు, మందులు... రోజువారీ పనులను మనిషి తనంతట తాను చేసుకునేలా చూడటమే దీని లక్ష్యం. మన దేశంలో కమలా నింబ్‌కర్ 1950లోనే ముంబయిలో ఈ విద్యకు పాఠశాల ప్రారంభించారు.

ఉద్దానంలో ఎందుకంటే...

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. స్వల్ప మతిమరుపు ఉన్నవాళ్లు వీరికి అదనం. ఉద్దానానికి మరో చిక్కుంది. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనావేగం తగ్గే ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయితే డయాలసిస్ రోజు మరిచిపోయినా, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకున్నా ప్రాణానికే ముప్పు. పిల్లలు పనుల కోసం వలసపోయిన ఇళ్లలో ఆ సంగతి గుర్తుచేసేదెవరు?

‘నువ్వు కూర్చో మామ్మా’

పెద్దవాళ్లు ఒకటి రెండుసార్లు తడబడగానే ‘నువ్వు కూర్చో మామ్మా, నేను చేస్తాలే’ అంటాం. ప్రేమతోనే! కానీ పని పోతే అలవాటు పోతుంది, దాంతోపాటు ధైర్యమూ పోతుంది. థెరపిస్టు మరోలా ఆలోచిస్తారు. టీ పెట్టడంలో ఎక్కడ ఆగిపోతోంది? పంచదార డబ్బా దొరక్కా, పొయ్యి కట్టడం మరిచిపోయా? డబ్బా దొరక్కపోతే గాజు సీసా పెడితే చాలు. పొయ్యి దగ్గరైతే ఎవరైనా పక్కన నిలబడాలి. మిగతా పనంతా మామ్మదే.

నెదర్లాండ్స్‌లో 135 మంది రోగులపై చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. అయిదు వారాల్లో పదిసార్లు థెరపిస్టు ఇంటికొచ్చి రోగికీ, చూసుకునేవారికీ మెలకువలు నేర్పారు. రోజువారీ పనులు మెరుగయ్యాయి, ఇంట్లోవాళ్లకూ భారం తగ్గింది.

ఇంట్లోనే ఇలా...

* డయాలసిస్ రోజులను గోడ క్యాలెండర్‌పై ఎర్రగా చుట్టండి. అయిపోయిన రోజును పెద్దవాళ్ల చేతే కొట్టేయించండి.

* వారం రోజుల గళ్లున్న మందుల డబ్బా వాడండి. వారానికోసారి ఇంట్లో ఎవరైనా నింపాలి.

* తాళాలు, కళ్లజోడు, సెల్‌ఫోన్‌లకు ఎప్పుడూ ఒకటే చోటు.

* ఒకసారి ఒక మాటే చెప్పండి. ‘చెప్పాను కదా’ అని విసుక్కోవద్దు.

* పప్పు ఏరడం, కొబ్బరి ఈనెలతో చీపురు కట్టడం, మొక్కలకు నీళ్లు... తెలిసిన పనే ఇవ్వండి. పిక్కలు కొట్టే పని మాత్రం వద్దు, జీడి అంటితే చర్మం కాలుతుంది.

ముందు వైద్యుణ్ని కలవడం తప్పనిసరి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, దిగులు, వినికిడి లోపం వల్లా మతిమరుపులా కనిపించొచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. టెక్కలి, పలాస ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి పరీక్ష చేయించుకోవచ్చు. కుంగుబాటు, ఆందోళన లాంటి వాటికి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

పోయిన జ్ఞాపకాన్ని ఏ థెరపీ పూర్తిగా తిరిగి తేలేదు. కానీ ‘ఇంకా నేను పనికొస్తాను’ అన్న నమ్మకాన్ని మాత్రం నిలబెట్టగలదు. ఈ ఆదివారం మీ ఇంట్లో మామ్మ చేతికో చేట ఇచ్చి చూడండి!