సైకిలుపై నేపాల్ వెళ్తున్నారా? ఎత్తులు లెక్క వేసుకోండి



మా అక్క కొడుకు ఇద్దరు స్నేహితులతో కలిసి నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ సైకిలు యాత్ర చేయాలనుకున్నాడు. "పిన్నీ, ఒకసారి చూడు" అని తన ప్రణాళిక కాగితం నా చేతికిచ్చాడు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ భోజనం, ఎన్ని ట్యూబులు అదనంగా పెట్టుకోవాలి, అన్నీ రాసుకున్నాడు. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారో మాత్రం రాయలేదు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. మీ పిల్లలు ఇలాంటి ప్రయాణానికి సిద్ధపడుతుంటే ఆ కాగితం మీరూ అడిగి చూడండి.

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. ఈ దారి మొదలయ్యే బేసిసహర్ సుమారు 760 మీటర్ల ఎత్తున ఉంది. మనాంగ్ గ్రామం సుమారు 3,540 మీటర్లు. దాటవలసిన థొరోంగ్ లా కనుమ 5,416 మీటర్లు. ఆ కనుమ మీద ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో దాదాపు సగమే. దీనికి అలవాటుపడే శక్తిని దేవుడు మన శరీరానికి ఇచ్చాడు గాని, అందుకు రోజులు పడతాయి. తొందరపెడితే మొదట తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తాయి. దీన్నే డాక్టర్లు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ అంటారు. అప్పటికీ ఆగకపోతే మెదడు వాచవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. ఈ రెండూ ప్రాణాంతకమే.

"మావాడు రోజూ ఎనభై కిలోమీటర్లు తొక్కుతాడు, వాడికేం కాదు" అనుకోవద్దు. కాళ్ళ బలం దీన్ని ఆపదు. నిజానికి బలమైనవాడే త్వరగా పైకి చేరి జబ్బుపడతాడు.

మావాడి కాగితంలో మూడో రోజు మనాంగ్, నాలుగో రోజు సుమారు 4,450 మీటర్ల ఎత్తున్న థొరోంగ్ ఫేది, ఐదో రోజు కనుమ. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి అని వైద్యులు చెబుతారు. వాడేమో ఒక్క రోజులో 900 మీటర్లు ఎక్కేస్తానంటాడు! ఇద్దరం కూర్చుని మార్చాం. మనాంగ్‌కు ముందు పిసాంగ్‌లో ఒక రాత్రి, మనాంగ్‌లో మూడు రాత్రులు, తర్వాత యాక్ ఖర్కాలో ఒక రాత్రి, ఆ పైన ఫేది. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ యాత్రా కాలంలో మనాంగ్‌లో వైద్య కేంద్రం నడుపుతుంది. అక్కడి డాక్టర్లు ఈ జబ్బు గురించి చెప్పే మాటలు తప్పక వినమన్నాను.

తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచమని కూడా చెప్పాను. టికెట్టు తేదీ తరుముతుంటే పిల్లలు తలనొప్పి దాచిపెట్టి ముందుకే పోతారు. మా అక్క వాడు వచ్చిన మర్నాడే పెళ్ళిచూపులు పెట్టుకుంది. వారం తర్వాతకు మార్పించాను, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర శరీరం అలవాటుపడటానికి సాయపడుతుంది. సల్ఫా మందులు పడనివారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది సరిపోకపోవచ్చు కనుక మందుల షాపులో అడిగి కొనుక్కోకుండా డాక్టరును కలవండి. గుండె జబ్బు, ఉబ్బసం, షుగరు ఉన్నవారు ప్రయాణం ఖాయం చేసుకోకముందే చూపించుకోవాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, చలిలో దాన్ని చొక్కా లోపల ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు పైన వద్దు.

ఇన్సూరెన్సు పత్రం చిన్న అక్షరాలతో సహా చదవండి. కొన్ని పాలసీలు ఫలానా ఎత్తు దాటితే వర్తించవు. హెలికాప్టరులో కిందికి తెచ్చే ఖర్చు ఇస్తారో లేదో చూడాలి. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చాలు. అన్నపూర్ణ ప్రాంతానికి అనుమతి పత్రం మాత్రం విడిగా తీసుకోవాలి.

ఇంట్లో ఉన్న మీరు ఫోనులో "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడగడంతో సరిపెట్టుకోవద్దు. "తల నొప్పిగా ఉందా? అన్నం తిన్నావా? రాత్రి పడుకున్నావా?" అని అడగండి. తలనొప్పి ఉంటే తగ్గేదాకా పైకి వెళ్ళవద్దని చెప్పండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు ఎక్కువవుతున్నా, తాగినవాడిలా తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే కిందికి దించాలి, ఒంటరిగా పంపకూడదు. సైకిలు అక్కడే వదిలేసినా ఫరవాలేదు.

దారిలో కుక్కలు సైకిళ్ళ వెంటపడతాయి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బు, ధారగా పోసే నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. ముందే రేబిస్ టీకాలు వేయించుకుంటే ఇంకా మంచిది. మావాళ్ళు అక్టోబరులో బయలుదేరుతున్నారు. ముగ్గురికీ రెండు డోసులు నేనే వేశాను, మూడోది వచ్చే సోమవారం.