బండి మూతనీ ఓ కంట కనిపెట్టండి!

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం కొబ్బరితోటల్ని కూల్చేసింది. ఆ వానల్లోనే జ్వరంతో ఉన్న పాపని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిలో మావారి బండి ఆగిపోయింది. ట్యాంకులో నీళ్లట! పెట్రోలుకంటే నీరు బరువు కదా, అడుక్కి చేరుతుంది. మూత గాడిలో నీరు పోయే చిల్లు మట్టితో పూడిపోయింది, రబ్బరు చిట్లిపోయింది.

పాపకి తగ్గింది గానీ, నా భయం తగ్గలేదు. అప్పట్నుంచి ఆ పని నాదే.

పొయ్యికి దూరంగా, ఆరుబయట, ఇంజను చల్లారాక మూత తెరవండి. ట్యాంకు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కి, మరలు విప్పి గిన్నెలో వేసుకోండి. చిల్లుల్ని సన్నతీగతో శుభ్రం చేసి, కొత్త రబ్బరు వేయండి. గాలిచిల్లు మూసుకుపోతే, రెండో చిల్లు పెట్టని నూనెడబ్బాలాగే పెట్రోలు దిగదు. ఎదురెదురు మరలు కొద్దికొద్దిగా బిగించి, గుడ్డ తీసేసి మూత వేయండి.

వానలు రాకముందే చూసుకుంటారుగా!