చుట్టూ గోదావరి... నడుమ నిర్లక్ష్యం
కరోనా నాళ్లలో లంకవాసుల గోడు

అమలాపురం: లంకలో కాపురమున్న వారికి ఏరు ఎప్పుడూ అడ్డే. బడికి అడ్డు, సంతకు అడ్డు, పురిటి నొప్పులు వచ్చిన ఆడపిల్లను ఆసుపత్రికి చేర్చడానికీ అడ్డే. 2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం ఆ అడ్డే తమకు రక్ష అవుతుందని లంకవాసులు నమ్మారు. ఏడాది తిరిగేసరికి ఆ నమ్మకం కాస్తా గోదాట్లో కలిసింది. జబ్బు ఏరు ఈది రాలేదు. మనుషులతోపాటు పడవెక్కి వచ్చింది.

కోనసీమే ఒక పెద్ద లంక. ఒకవంక గౌతమి, ఒకవంక వశిష్ఠ, దిగువన సముద్రం. నడుమ వైనతేయ పాయ. ఆ పాయల ఒడిలో మళ్లీ చిన్న చిన్న లంకలు. పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వంటి ఊళ్లకు వరద వస్తే పడవే దిక్కు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి జనం పంటు ఎక్కి ఏరు దాటడం ఏళ్ల తరబడి ఉన్న అలవాటే.

పడవ కట్టేస్తే చాలనుకున్నారు

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మెరక ఊళ్లవారు పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం వేసుకున్నారు. లంకవారికి ఆ శ్రమ కూడా లేదు, రేవులో పడవ కట్టేస్తే సరిపోతుంది. కువైట్, దుబాయి, ఖతార్లలో పనిచేసే కోనసీమవాసులు ఆ వేసవి నుంచి తిరిగి రావడం మొదలుపెట్టారు. కన్నబిడ్డ వచ్చిందన్న సంతోషం ఒకపక్క, వెంట ఏం తెచ్చిందోనన్న జంకు ఒకపక్క. అయినా ఆ రోజుల్లో భయం ఉంది కనుక జాగ్రత్త కూడా ఉంది.

భయం పోవడంతోనే అసలు చిక్కు మొదలైంది. 2021 సంక్రాంతి నాటికి కేసులు బాగా తగ్గాయి. ఇక జబ్బు పోయిందని జనం తేల్చేసుకున్నారు. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి ఓటు అడిగారు, గెలిచినవారు ఊరేగారు. ఏప్రిల్ 8న మండల, జిల్లా పరిషత్ పోలింగు జరిగింది. అప్పటికే రెండో విడత జబ్బు గడపలోకి వచ్చేసింది.

జిల్లాకే మిగిలిన ఆంక్ష

మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ పెట్టారు. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 12 వరకే బజారు. మే 16న ఒక్కరోజులో రాష్ట్రంలో 24,171 కేసులు బయటపడ్డాయి. కోనసీమ అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో భాగం. రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లా అదే కావడం విచారకరం. జూన్ మూడో వారం తర్వాత మిగతా జిల్లాల్లో సాయంత్రం 6 వరకు సడలింపు ఇచ్చారు. తూర్పు గోదావరికి మాత్రం మధ్యాహ్నం 2 గంటలతోనే సరిపెట్టారు.

దీని దెబ్బ లంకవారికి రెట్టింపు తగిలింది. పాలు, కూరగాయలు, అరటి గెలలు ఏరు దాటితేనే డబ్బు. రేవుకు మోసి, పడవెక్కించి, అవతలి గట్టున మళ్లీ బండికెత్తి బజారుకు చేర్చేసరికి పొద్దెక్కుతుంది. బేరం కుదిరేలోగా దుకాణం మూసే వేళవుతుంది. కొబ్బరి దింపు కార్మికుల సంగతి చెప్పనక్కర్లేదు.

చెప్పబోతే తగవు

ఇంత జరుగుతున్నా కొందరి తీరు మారకపోవడమే జాగ్రత్తగా ఉన్నవారి కడుపుమంట. మాస్కు ఉంటుంది, కాని గడ్డం కింద ఉంటుంది. ఎడం పాటించాలన్న మాట పంటుమీద ఎవరికీ చెవికెక్కదు. జ్వరం వస్తే వడదెబ్బ అంటారు, టైఫాయిడ్ అంటారు. పరీక్షకు వెళితే ఊరు వెలివేస్తుందని దాస్తారు. ఆ జ్వరంతోనే పెళ్లి భోజనాలకూ, దినకార్యాలకూ హాజరవుతారు. ఇంటిపట్టునే ఉన్న ముసలమ్మకు చివరికి రేవునుంచి వచ్చిన మనవడి వల్లే జబ్బు అంటుకుంటుంది. ఇదేమిటయ్యా అని అడగబోతే తగవు. రేపు అదే పడవలో పక్కన కూర్చోవాలి కనుక నోరు మూసుకోవడం తప్ప గత్యంతరం లేదు.

పట్నంలో ఊపిరాడని రోగికి 108 వాహనం గుమ్మంలోకి వస్తుంది. లంకలో అలా కాదు. మంచంమీద రేవుకు మోయాలి, పడవకోసం చూడాలి, అవతలి గట్టున వాహనం ఎదురు రావాలి. అక్కడినుంచి కాకినాడో రాజమండ్రో చేరాలి. ఆక్సిజన్ పడిపోతున్న మనిషికి ఆ గంటలే ప్రాణం. ఒకరి అశ్రద్ధకు మరొకరు చెల్లించే మూల్యం లంకలో అంత పెద్దది.

గట్టు దాటి వచ్చినవారు

ఆ రోజుల్లో ఆరోగ్య కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు, అప్పటి వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల లెక్క రాసుకున్నారు. అల్లవరం మండలం బోడసకుర్రులోని టిడ్కో ఇళ్లను కరోనా సంరక్షణ కేంద్రంగా మార్చారు. ఇంట్లో ఒకే గది ఉన్న పేదవారికి ఇలాంటి చోటు ఎంతో అక్కరకు వస్తుంది. టీకా వేయించుకుంటే జ్వరం వస్తుందని మొదట జంకినవారు, ఇరుగుపొరుగు వేయించుకున్నాక తామూ వరుసలో నిలబడ్డారు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. ఏరు మాత్రం అక్కడే ఉంది. ఏటా వరద వస్తూనే ఉంది, వరద వెనుక జ్వరాలూ వస్తూనే ఉన్నాయి. వానలకు ముందే లంకలకు మందులు చేర్చడం, రోగులకోసం రేవులో రాత్రివేళ కూడా ఒక పడవ సిద్ధంగా ఉంచడం అధికారులు చేయదగిన పని. జ్వరమొస్తే దాచకుండా చెప్పడం, ఆ రెండు రోజులూ పడవెక్కకుండా ఉండటం ఊరివారు చేయదగిన పని. ఇందులో రెండోదానికి పైసా ఖర్చు లేదు.