పెరుగన్నం కుక్కకు సరే, మరి పిల్లికి?

కుక్కకు పెరుగన్నం, పిల్లికి గిన్నెడు పాలు. మన ఇళ్లలో ఇది తాతల నాటి లెక్క. ఇందులో కుక్క వంతు సగం ఒప్పు, పిల్లి వంతు దాదాపు మొత్తం తప్పు.

మనిషి పంచన చేరిన కుక్క మన మెతుకులకు ఒళ్లు అలవాటు చేసుకుంది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్‌ను తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నట్టు 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. అందుకే దానికి అన్నం అరుగుతుంది. కాకపోతే అరగడం వేరు, సరిపోవడం వేరు. ఉత్త పెరుగన్నంలో మాంసకృత్తులు తక్కువ, కొన్ని ఖనిజాలు, విటమిన్లు ఇంకా తక్కువ.

పిల్లి మన గాదెల దగ్గరికి ఎలుకల కోసం వచ్చింది. వచ్చింది కానీ తిండి మార్చుకోలేదు. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచో చేప నుంచో అందాల్సిందే. అందకపోతే కంటిచూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బుకు టారిన్ కొరతే కారణమని 1987లో అమెరికా పశువైద్యుడు పాల్ పియాన్ బృందం తేల్చింది. అప్పుడు జబ్బుపడ్డవి ఎంగిలి తిని బతికే పిల్లులు కావు, కంపెనీల ఆహారం తింటున్నవే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పాళ్లు పెంచాయి. క్యారెట్ పెట్టినా దాన్నుంచి విటమిన్ ఎ తయారుచేసుకునే శక్తి కూడా పిల్లికి లేదు. శాకాహారుల ఇంట్లో కుక్కను గుడ్డు, పాల పదార్థాలతో డాక్టరు సలహా ప్రకారం పెంచవచ్చు. మాంసం ముట్టని ఇంట్లో పిల్లిని పెంచుకోవాలనుకునేవారు మాత్రం దానికి మాంసం పెట్టగలరా లేదా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది. ఇక పాలంటారా, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి లాక్టోజ్ అరగదు. ఇష్టంగా తాగుతాయి, తర్వాత విరేచనాలు.

ఇంట్లో వండిపెట్టేవాళ్లు ఎక్కువగా చేసేది చికెన్, అన్నం. మంచిదే, కానీ ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఈ రెంటి తూకం కుదరకపోతే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ఎదిగే కూనలకు కాళ్లు వంకర్లు పోతాయి, చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. అలాగని ప్యాకెట్ ఆహారం తినే లాబ్రడార్ పిల్లకు పైనుంచి కాల్షియం సిరప్ పట్టించడమూ ప్రమాదమే. పెద్ద జాతుల పిల్లలకు ఎక్కువైన కాల్షియం ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుంది.

దుకాణంలో సంచి కొనేటప్పుడు ముందువైపున్న నిగనిగలాడే మాంసం ముక్కల బొమ్మ వదిలేసి వెనక్కి తిప్పండి. ‘కంప్లీట్’ అని ఉంటే ప్రతిపూటా అదే పెట్టవచ్చు. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది నంజుకోవడానికి మాత్రమే. ఏ జంతువుకు, ఏ వయసుకు అన్నదీ అక్కడే ఉంటుంది. తర్వాత ప్రొటీన్ శాతం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. తడి ఆహారం డబ్బా మీద ప్రొటీన్ 8 శాతం, పొడి గింజల సంచి మీద 24 శాతం అని ఉంటే సంచే మేలనిపిస్తుంది. తేమ తీసేసి చూడండి. డబ్బాలో తేమ 80 శాతమైతే మిగిలిన 20 పాళ్లలో 8 పాళ్లు, అంటే 40 శాతం ప్రొటీన్. సంచిలో తేమ 10 శాతమైతే 90లో 24, అంటే దాదాపు 27 శాతం. ఇలా తేమ తీసేసిన లెక్కలో పెద్ద కుక్కకు కనీసం 18, పెద్ద పిల్లికి 26 శాతం ఉండాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. ఆ సంచి కుక్కకు దండిగా సరిపోతుంది, పిల్లికి అంచు మీద నిలుస్తుంది. ప్రొటీన్ ఒక్కటే చూసి కుక్క ఆహారం పిల్లికి పెట్టకూడదు, టారిన్ మాట మరవకండి. లూజుగా కిలోల లెక్కన అమ్మే గింజలైతే ఇవేవీ తెలియవు, గడువు తేదీతో సహా. చవకని వాటి జోలికి పోకపోవడమే నయం.

ఎంత పెట్టాలన్నదీ ముఖ్యమే. 48 లాబ్రడార్లతో జరిపిన ఓ అధ్యయనం 2002లో వెలువడింది. జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. చేయించింది కుక్కల ఆహారం అమ్మే కంపెనీయే కావడం విశేషం. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడకూడదు.

మిగిలిన బిర్యానీ పెట్టే అలవాటుంటే మానేయండి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను విరిచేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. పిల్లికి మరీ ప్రమాదం. ఉడికిన ఎముక సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీయగలవు. చాక్లెట్ సంగతి చాలామందికి తెలిసిందే. కుక్క పొట్టకు నెయ్యి ఇమడదన్న సామెతలోనూ కొంత నిజముంది, ఒక్కసారిగా కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచే ప్రమాదం ఉంది.

కొత్త ఆహారానికి ఒక్కరోజులో మారకండి. పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పట్టనివ్వండి. ‘ఆకలైతే అదే తింటుంది’ అన్న పంతం ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క దగ్గర చెల్లుతుందేమో గానీ, పిల్లి దగ్గర వద్దు. ఒళ్లు చేసిన పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే పాత ఆహారమే పెట్టి చూసి, అదీ వద్దంటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.