సార్ చేతికి రిమోట్ ఇస్తే సరిపోదు!

పొద్దున ఫస్ట్ పీరియడ్. డిజిటల్ క్లాస్ అని సార్ స్క్రీన్ ఆన్ చేశారు. వీడియో లోడ్ అవుతూనే ఉంది... అవుతూనే ఉంది. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వులు. పది నిమిషాలు చూసి సార్ చాక్‌పీస్ అందుకున్నారు. మర్నాటి నుంచి ఆ స్క్రీన్ జోలికే పోలేదు. ఇలాంటి సీన్ మీరూ చూసే ఉంటారు కదూ!

జనగామ జిల్లా నర్మెట్ట లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. ట్యూషన్లకు టౌన్ దాకా పోలేని పిల్లలు గుండె ఎలా కొట్టుకుంటుందో, గ్రహణం ఎలా పడుతుందో చూడాలంటే బడిలో చూడాల్సిందే.

మరి సార్లకు టెక్నాలజీ రాదా? అలా అనుకుంటే పొరపాటే. కరోనాతో బడులు మూతపడ్డాక, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు చూశారో లేదో కనుక్కున్నది, వాట్సాప్‌లో వచ్చిన హోంవర్క్ ఫొటోలు దిద్దింది ఈ టీచర్లే. అవసరం కనిపించింది, నేర్చుకున్నారు. అంతే!

చిక్కంతా ఆ తర్వాతే. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫొటోల అప్‌లోడ్... అన్నీ ఫోన్‌లోనే. టెక్నాలజీ పని తగ్గించాల్సింది పోయి నెత్తిన ఇంకో పని పెడితే ఎవరికి మాత్రం ఇష్టం? ఒక్కరోజు ట్రైనింగ్ ఇచ్చేసి "ఎందుకు వాడట్లేదు?" అని నిలదీస్తే ఏం లాభం?

మరేం చేయాలి?

చిన్నగా మొదలుపెట్టాలి: వారానికి ఒక్క పాఠం చాలు. 2017లో వచ్చిన దీక్ష యాప్‌లో పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠమే తెరుచుకుంటుంది. ముందురోజే డౌన్‌లోడ్ చేసుకుంటే క్లాసులో నెట్ గోల ఉండదు.

తోటివాళ్లే చెప్పాలి: పక్క ఊరి మేడం స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో తన క్లాసు ఎలా నడిచిందో, మధ్యలో కరెంట్ పోతే ఏం చేసిందో చెప్తే పైనుంచి వచ్చే ఆర్డర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

రిపేరు మర్చిపోవద్దు: చెడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబర్ గోడమీదే ఉండాలి.

ఇక మీ వంతు. ఈసారి ఊరికి పోయినప్పుడు బడి ఉన్న రోజు చూసి పాత సార్‌ను కలవండి. మీకు అక్షరాలు దిద్దించిన చేతికి కేబుల్ ఎక్కడ పెట్టాలో చూపించండి. కాకపోతే పిల్లల ముందు కాదు, లాంగ్ బెల్ కొట్టాక!